బండి ఊరి బయట, మనం ఊళ్లో: సెయింట్ మాలో దగ్గర మోటార్‌హోమ్ మజిలీలు

ప్రశ్న: మేము జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర ఉంటాం. ఆగస్టులో రెండు వారాలు సెలవు దొరికింది. కాకినాడ నుంచి మా అత్తయ్యగారు, మామయ్యగారు వస్తున్నారు. ఇద్దరు పిల్లలతో కలిపి మొత్తం ఆరుగురం. ఏడు మీటర్ల మోటార్‌హోమ్ అద్దెకు మాట్లాడుకున్నాం. ఫ్రాన్స్‌లోని సెయింట్ మాలో వెళ్లాలని ఆలోచన. పొద్దున్నే తలుపు తీయగానే సముద్రం కనిపించాలని మావారి కోరిక. కానీ ఎవరిని అడిగినా ఆగస్టులో చోటు దొరకదని, రాత్రి రోడ్డు పక్కన ఆపితే జరిమానా వేస్తారని అంటున్నారు. రాత్రిళ్లు ఎక్కడ ఆగాలి? డబ్బు కట్టకుండా ఆగే చోట్లు ఉంటాయా? పెద్దవాళ్లతో ఇలాంటి ప్రయాణం కుదురుతుందా? అంతా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు

జవాబు:

అమ్మా, పెద్దవాళ్లతో తప్పకుండా కుదురుతుంది. మీవారి కోరికను మాత్రం కొంచెం పక్కకు జరపాలి. ఆగస్టులో సెయింట్ మాలో బీచ్ పక్కన మోటార్‌హోమ్ పెట్టుకుని పడుకోవడం అయ్యే పని కాదు. బండిని ఊరికి పది, పాతిక కిలోమీటర్ల దూరంలో ఉంచండి. మీరు బస్సులోనో రైల్లోనో ఊళ్లోకి వెళ్లి రండి. ఇంట్లో అందరూ ఈ మాటకు ఒప్పుకుంటే మీ టెన్షన్‌లో సగం ఇప్పుడే తీరిపోతుంది.

ఎందుకంటున్నానో చెప్తాను. సెయింట్ మాలో పాత ఊరు చుట్టూ రాతి కోటగోడ ఉంటుంది, మూడు వైపులా నీళ్లు. లోపలి వీధులు కార్లకే ఇరుకు. బయట బీచ్ పక్కన ఉన్న పార్కింగ్‌లలో చాలావాటికి ద్వారం దగ్గర రెండు మీటర్ల ఎత్తులో ఇనుప కమ్మీ అడ్డం కట్టి ఉంటుంది. కారు కిందనుంచి దూరిపోతుంది, మీ బండి దూరదు. ఫోన్‌లో మ్యాప్ చూపించిందని నేరుగా అక్కడికి వెళ్లాక వెనక కార్లు బారు కడతాయి. ఏడు మీటర్ల అద్దె బండిని వెనక్కి తీయడం అప్పుడు ఎవరికైనా కష్టమే. జులై 14 నుంచి ఆగస్టు మూడో వారం దాకా ఫ్రాన్స్ దేశం సగం సముద్రం ఒడ్డునే ఉంటుంది. ఆగస్టు 15 వాళ్లకూ సెలవు రోజే. ఆ వారాంతంలో తీరం వైపు కొత్తగా చేరుకునే ప్రయత్నం అసలు పెట్టుకోవద్దు.

జరిమానా సంగతి చూద్దాం. ఫ్రాన్స్‌లో మోటార్‌హోమ్ కూడా మామూలు వాహనమే. కారు ఆపగలిగే చోట దాన్నీ ఆపవచ్చు. అయితే మేయర్ ఉత్తర్వు ఇచ్చి కొన్ని వీధుల్లో, కొన్ని పార్కింగ్‌లలో నిషేధం పెట్టవచ్చు. తీరం ఊళ్లలో ఇలాంటి బోర్డులు చాలా ఉంటాయి. కొన్నింటి మీద రాత్రి వేళలు మాత్రమే రాసి ఉంటాయి, కాబట్టి బోర్డు కింద ఉన్న చిన్న అక్షరాలు కూడా చదవండి. అసలు తేడా ఎక్కడ వస్తుందంటే, ఆపడం వేరు, మకాం వేయడం వేరు. బండి చక్రాల మీద నిలబడి, తలుపులు మూసుకుని ఉంటే అది ఆపడం. పక్కన పందిరి గుడ్డ విప్పినా, కుర్చీలు బయట వేసినా, చక్రాల కింద చెక్కలు పెట్టినా, బట్టలు ఆరేసినా అది మకాం కింద లెక్క. పబ్లిక్ రోడ్డు మీద మకాం వేయకూడదు. సముద్రపు ఒడ్డున, రక్షిత కట్టడాల చుట్టుపక్కల కూడా కూడదు. అత్తయ్యగారు చీర ఉతికి అద్దానికీ చెట్టుకూ మధ్య తాడు కడితే, ఆవిడ దృష్టిలో అది మామూలు పని. అక్కడి పోలీసుకు అదే సాక్ష్యం. ఈ సంగతి పెద్దవాళ్లిద్దరికీ బయల్దేరే ముందే నెమ్మదిగా చెప్పండి. అక్కడ హడావుడిలో చెబితే నొచ్చుకుంటారు.

ఆగే చోట్లు మూడు రకాలు. మొదటిది క్యాంప్‌సైట్. కరెంటు, స్నానాల గదులు, టాయిలెట్లు, కుర్చీలు వేసుకునే జాగా అన్నీ ఉంటాయి. రెండోది మోటార్‌హోమ్‌ల కోసమే ఊరి పంచాయతీ కేటాయించిన స్థలం. అక్కడి బోర్డుల మీద 'ఎయిర్ ద కాంపింగ్ కార్' అని ఉంటుంది. చదును చేసిన జాగా, మంచినీళ్ల పంపు, మురుగు వదిలే చోటు ఉంటే ఉంటాయి, అంతే. మూడోది రైతు పొలంలోనో ద్రాక్షతోటలోనో ఒక రాత్రి.

పెద్దవాళ్లు ఉన్నారు కాబట్టి సముద్రం దగ్గర గడిపే రాత్రులకు క్యాంప్‌సైటే తీసుకోమంటాను. సాయంత్రం మామయ్యగారు బయట కుర్చీ వేసుకుని కూర్చోవాలి కదా. పంచాయతీ స్థలాల్లో చాలాచోట్ల ఆ వీలు ఉండదు. బళ్లు ఒకదాని పక్కన ఒకటి తలుపు తెరిచే సందు మాత్రమే వదిలి ఆగి ఉంటాయి. రెండు రోజులు అలా గడిపితే బీపీ ఉన్నవాళ్లకు చిరాకు పుడుతుంది. దారిలో ఒక్క రాత్రి ఆగడానికైతే ఆ స్థలాలు చక్కగా సరిపోతాయి.

ఇక ఊళ్ల పేర్లు. సెయింట్ మాలోలోనే పాల్ ఫెవాల్ అనే పెద్ద పార్కింగ్ ఉంది. మోటార్‌హోమ్‌లను రానిస్తారు. వేసవిలో అక్కడి నుంచి కోట దగ్గరికి బస్సు నడుస్తుంది. పగలు ఊరు చూడటానికి మంచిదే. ఆగస్టు రాత్రి మాత్రం దాన్నే నమ్ముకుని బయల్దేరవద్దు.

నా ఓటు డోల్ ద బ్రెతాన్ అనే చిన్న ఊరికి. సెయింట్ మాలోకు పాతిక కిలోమీటర్ల లోపే ఉంటుంది. రెన్ నగరం నుంచి సెయింట్ మాలో వెళ్లే రైలు మార్గం మీద ఉంది కాబట్టి పావుగంటలో రైలు దిగిపోతారు. అక్కడి స్టేషన్ నుంచి కోట దాకా తీరిగ్గా నడిస్తే ఇరవై నిమిషాలు, పెద్దవాళ్లకు సిటీ బస్సు ఉంది. డోల్ చుట్టుపక్కల క్యాంప్‌సైట్లకు కొదవ లేదు. ఎపినియాక్ దగ్గరున్న దొమేన్ దెజోర్మ్ చాలా పెద్దది, పిల్లలకు ఈత కొలనులు అవీ ఉంటాయి, ధర కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. తీరం మీద లేదన్న కారణంగా డోల్‌ను చాలామంది దాటేసి వెళ్లిపోతారు. మీ ఇంటి పరిస్థితికి అది సరిగ్గా సరిపోతుంది. అఖాతంలో పాత మఠం ఉన్న మాంట్ సెయింట్ మిషెల్ కొండకు కూడా అక్కడి నుంచి అరగంటే. ఆ కొండ దగ్గర బళ్లను రెండున్నర కిలోమీటర్ల ముందే ఆపేస్తారు, అక్కడి నుంచి ఉచిత బస్సు. పెద్దవాళ్లు ఆ దూరం నడవనక్కర్లేదు.

కాంకాల్ ఇంకో దారి. సెయింట్ మాలోకు తూర్పున పదిహేను కిలోమీటర్లు, ఆల్చిప్పలకు పేరున్న ఊరు. అక్కడి నుంచి సెయింట్ మాలోకు మాట్ సంస్థ బస్సులు తిరుగుతాయి. అయితే ఊరు పైన, రేవు కింద. దిగడం హాయిగా ఉంటుంది, ఎక్కేటప్పుడు అత్తయ్యగారి మోకాళ్లు గుర్తుకొస్తాయి. రాన్స్ నదికి అవతల ఉన్న దినార్ కూడా అందమైన ఊరే, అక్కడి నుంచి పడవలో పది నిమిషాల్లో కోట దగ్గర దిగవచ్చు. బండితో వెళ్లాలంటే మాత్రం నది మీది ఆనకట్ట దాటాలి. అలల పోటుతో కరెంటు తీసే ఆనకట్ట అది, 1966లో కట్టారు. దాని మీదుగానే రోడ్డు. పడవల కోసం వంతెన లేపినప్పుడల్లా ట్రాఫిక్ ఆగిపోతుంది. పిల్లలకు చూపించాల్సిందే. రోజూ దాటాలంటే మాత్రం విసుగు.

మీవారి కోరిక కోసం ఒక రాత్రి కేటాయించండి. కాంకాల్ దాటి తూర్పుకు వెళ్తే ఇరెల్, వివియే, షెర్యుయే అని వరసగా చిన్న పల్లెలు వస్తాయి. నేలంతా చదును, రోడ్డు పక్కనే అఖాతం. మోటార్‌హోమ్‌లు ఆగే జాగాలు ఇటువైపు తేలిగ్గా దొరుకుతాయి. ఒక విషయం ఆయనకు ముందే చెప్పండి. ఈ అఖాతంలో పోటుకూ పాటుకూ మధ్య నీటి మట్టం పెద్ద పోటు రోజుల్లో పన్నెండు, పదమూడు మీటర్ల దాకా మారుతుంది, యూరప్‌లోనే అతి ఎక్కువ తేడా ఉండే చోట్లలో ఇదొకటి. పాటు సమయంలో సముద్రం కిలోమీటర్ల దూరం వెనక్కి పోతుంది. మన కాకినాడ తీరం అలవాటు ఉన్నవాళ్లు పొద్దున లేచి తలుపు తీస్తే బురద మైదానమే కనిపించవచ్చు. పోటు వేళల పట్టిక చూసి, పొద్దున పోటు ఉండే రోజును ఎంచుకోండి.

ఇలాంటి స్థలాల్లో చోటు దొరకాలంటే సమయమే కీలకం. రాత్రి ఉన్నవాళ్లు తొమ్మిది, పదకొండు మధ్య వెళ్లిపోతారు. మీరు పదిన్నర నుంచి పన్నెండు లోపు చేరుకోవాలి. దారిలో బీచ్ కనిపించిందని ఆగి, నాలుగింటికి చేరితే అంతా నిండి ఉంటుంది. చాలా స్థలాలకు బుకింగ్ ఉండదు, ముందొచ్చినవారిదే జాగా. కాంపింగ్ కార్ పార్క్ అనే సంస్థ స్థలాలు కొంత మేలు. కొద్ది యూరోలతో ఒక కార్డు కొంటే గేటు తెరుచుకుంటుంది, ఎన్ని జాగాలు ఖాళీగా ఉన్నాయో యాప్‌లో అప్పటికప్పుడు కనిపిస్తుంది. అదనంగా కొంత కడితే ముందే జాగా పట్టుకునే వీలు కూడా ఉంది. పార్క్4నైట్ యాప్ కూడా పెట్టుకోండి, కానీ అందులో చోట్లను రాసేది మనలాంటి ప్రయాణికులే. అక్కడ ఉందని చట్టం ఒప్పుకుంటుందని కాదు. చివరి మాట ఎప్పుడూ అక్కడ పాతిన బోర్డుదే. ప్రతి సాయంత్రానికీ రెండో చోటు ఒకటి రాసి పెట్టుకోండి. అది తీరానికి కాస్త లోపలికి ఉండాలి.

డబ్బు కట్టకుండా ఆగే చోట్లు ఉంటాయా అని అడిగారు. తీరానికి దూరంగా, లోపలి ఊళ్లలో ఉంటాయి. తీరం మీద పంచాయతీ స్థలానికి రాత్రికి సుమారు 10 నుంచి 15 యూరోలు పెట్టుకోండి. క్యాంప్‌సైట్‌లో ఆరుగురికి, కరెంటుతో కలిపి, ఆగస్టులో దానికి నాలుగైదు రెట్లు పడవచ్చు. ఉచితమంటే నాకు బాగా నచ్చే ఏర్పాటు ఫ్రాన్స్ పాసియోన్. ఏడాది సభ్యత్వం కడితే దేశమంతటా రెండు వేలకు పైగా రైతులు, ద్రాక్షతోటల వాళ్లు, జున్ను చేసేవాళ్లు తమ ఆవరణలో ఒక రాత్రి ఆగనిస్తారు. కొనాలన్న నిబంధన లేదు. పగటిపూట చేరి, ఇంటివాళ్లను పలకరించి, వాళ్లు చూపిన చోట ఆపాలి. టాయిలెట్ మీ బండిలోనే ఉండాలి. వెళ్లేటప్పుడు ఒక సీసా పళ్లరసమో తేనో కొనుక్కుని వెళ్లండి, అది మర్యాద.

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి సెయింట్ మాలో సుమారు వెయ్యి కిలోమీటర్లు. పెద్దవాళ్లతో ఒక్క రోజులో వద్దు, రెండు రాత్రులు దారిలో గడపండి. మొదటి రాత్రి రైమ్స్ చుట్టుపక్కల ద్రాక్షతోటల్లో, రెండోది నార్మండీలో. పారిస్ జోలికి పోకుండా అమియాన్, రువాన్, నార్మండీలోని కాన్ మీదుగా రండి. కాన్ నుంచి రెన్ వైపు వెళ్లే ఎ84 రోడ్డుకు టోల్ లేదు. రువాన్, కాన్ మధ్య ఎ13 రోడ్డు మీద ఇప్పుడు టోల్ గేట్లు తీసేశారు, కెమెరాలు నంబరు ప్లేటు చదువుతాయి. 72 గంటల్లోపు ఆన్‌లైన్‌లో మీరే కట్టాలి. ఆగమనే వాళ్లు లేరు కదా అని మర్చిపోతే జరిమానా అద్దె కంపెనీకి వెళ్తుంది, వాళ్లు తమ రుసుము కూడా కలిపి మీ దగ్గర వసూలు చేస్తారు. బండి ఎత్తు మూడు మీటర్లు దాటితే టోల్ పై తరగతిలోకి పోతుంది, కాబట్టి ఎత్తు ఎంతో కాగితం మీద రాసి స్టీరింగ్ పక్కన అంటించండి. కమ్మీలున్న పార్కింగ్‌ల దగ్గర కూడా అది పనికొస్తుంది. హైవే పక్కనుండే విశ్రాంతి స్థలాల్లో మాత్రం రాత్రి పడుకోవద్దు. అక్కడ దొంగతనాలు జరుగుతుంటాయి. హైవే దిగి పది నిమిషాలు లోపలికి వెళ్తే ఏ పల్లెలోనైనా అంతకంటే ప్రశాంతంగా ఉంటుంది.

మోటార్‌హోమ్ ప్రయాణంలో మనవాళ్లు తడబడేది రోడ్డు మీద కన్నా బండి లోపలే. ఆరుగురు మనుషులు, వంద లీటర్ల నీళ్ల ట్యాంకు. ఇంట్లో ఒక్కరి స్నానానికే అంత ఖర్చు పెడతాం. బండిలో షవర్ ఉన్నా స్నానాలు క్యాంప్‌సైట్‌లోనే కానివ్వండి. టాయిలెట్ కింద ఉండే డబ్బా పట్టేది పదిహేడు, ఇరవై లీటర్లే. నీళ్లు వాడే అలవాటు మనది, అది మానుకోనక్కర్లేదు. కానీ డబ్బా ఒక్క రోజులోనే నిండుతుందని తెలుసుకుని, రోజూ పొద్దున ఖాళీ చేయండి. అది ఖాళీ చేయడానికి కేటాయించిన చోటే వంచాలి, వాన కాలువలో కాదు. ఆ పక్కనే డబ్బా కడగడానికి ఒక పంపు ఉంటుంది. మంచినీళ్లు ఆ పంపు నుంచి పొరపాటున కూడా పట్టవద్దు. తాగే నీళ్ల పంపు మీద 'ఓ పోతాబ్ల్' అని ఉంటుంది, మామయ్యగారికి ఆ అక్షరాల ఫోటో ఒకటి తీసి ఇవ్వండి.

సింకులో సాంబారు గిన్నె నేరుగా కడిగితే మురుగు ట్యాంకు రెండో రోజే కంపు కొడుతుంది. టిష్యూతో తుడిచి, ఆ తర్వాత కడగండి. కరెంటు ఇచ్చే చోట్ల ఎన్ని ఆంప్స్ ఇస్తున్నారో చూడండి. ఆరు ఆంప్స్ అంటే దాదాపు 1,400 వాట్లు. రైస్ కుక్కర్ నడుస్తుంది, మిక్సీ కూడా. ఇండక్షన్ స్టవ్‌నో రెండు వేల వాట్ల కెటిల్‌నో పెడితే ఫ్యూజు పోతుంది, రాత్రి పదింటికి ఆఫీసు మూసేశాక సరిచేసేవాళ్లు ఉండరు. గ్యాస్ మీద కుక్కర్ పెట్టినప్పుడు పైకప్పు కిటికీ తెరిచే ఉంచండి. ఫ్రాన్స్‌లో గ్యాస్ సిలిండర్ల రకాలు వేరు, జర్మన్ సిలిండర్ అక్కడ మార్చరు. నిండువి రెండు ఉన్నాయో లేదో బండి తీసుకునేటప్పుడే చూసుకోండి.

బరువు గురించి అద్దె కంపెనీలు గట్టిగా చెప్పవు, నేను చెప్తాను. ఇలాంటి బళ్లు మామూలుగా మూడున్నర టన్నులు దాటకూడదు. ఆరుగురు ఎక్కి, సామాన్లు పెట్టి, నీళ్లు నింపితే ఆ హద్దు తొందరగా వచ్చేస్తుంది. వంద లీటర్ల నీళ్లంటే వంద కిలోలు. బియ్యం బస్తా, పచ్చడి జాడీలు కాకినాడ నుంచి వచ్చినా ఇంట్లోనే ఉంచి, వారానికి సరిపడా మాత్రం తీసుకోండి. ప్రయాణంలో ట్యాంకు పావు వంతు ఉంటే చాలు. ఆరు పడకలు ఉన్నంత మాత్రాన ఆరు సీటు బెల్టులు ఉంటాయనుకోకండి, లెక్కపెట్టండి. బండి కదులుతున్నప్పుడు అత్తయ్యగారు పడుకోవడం కుదరదు. పై పడక పిల్లలకు ఇచ్చి, నిచ్చెన లేని పడక పెద్దవాళ్లకు ఇవ్వండి. రాత్రి లేవాల్సి వచ్చేది వాళ్లకే.

ఊళ్లోకి వెళ్లిన రోజు తొందర పెట్టుకోవద్దు. కోటగోడ మీద చుట్టూ నడవవచ్చు, దాదాపు రెండు కిలోమీటర్లు. మెట్లు ఎక్కేటప్పుడే కష్టం, పైకి చేరాక నడక సాఫీగా ఉంటుంది. 1944 ఆగస్టు యుద్ధంలో ఈ పాత ఊరు చాలా భాగం కాలి కూలిపోయింది. ఇప్పుడు చూసేది ఆ తర్వాత పట్టుదలగా, పాత రూపం పోకుండా తిరిగి కట్టుకున్న ఊరు. మామయ్యగారికి ఇంకో సంగతి చెప్పండి. 1746లో ఆంగ్లేయుల చేతిలోంచి మద్రాసును పట్టుకున్న ఫ్రెంచి నౌకాధికారి మహే ద లా బూర్దొనే పుట్టింది ఈ ఊళ్లోనే, 1699లో. కాకినాడ వాళ్లకు యానాం పక్కూరే కాబట్టి ఈ కబురు ఆయనకు ఇష్టంగా ఉంటుంది. పాటు సమయంలో గ్రాండ్ బే అనే చిన్న దీవికి నడిచి వెళ్లవచ్చు. పోటు మొదలవగానే ఆ దారి మునిగిపోతుంది, ఇరుక్కుంటే నీళ్లు తగ్గేదాకా గంటల తరబడి అక్కడే ఉండాలి. పిల్లలతో వెళ్లేవాళ్లు వెళ్లిరండి, పెద్దవాళ్లను గోడ మీద బెంచీలో కూర్చోబెట్టండి. బాన్ సెకూర్ బీచ్‌లో సముద్రపు నీళ్లు నిలిచేలా కట్టిన ఈత కొలను ఉంది, పాటు ఉన్నప్పుడు కూడా పిల్లలకు నీళ్లు దొరుకుతాయి. అత్తయ్యగారు శాకాహారి అయితే గోధుమ కాని నల్లటి పిండితో వేసే గాలెట్ అట్టు అడగండి. మామూలుగా అందులో పంది మాంసం, గుడ్డు వేస్తారు. జున్ను, పుట్టగొడుగులు మాత్రమే వేయమని ముందే చెప్పాలి.

పెద్దవాళ్ల పాస్‌పోర్టులు బండిలో చేతికందేలా పెట్టుకోండి. సరిహద్దులో ఆపి అడగడం ఈ మధ్య మామూలైంది.

ఇక ఈ వారంలో చేయాల్సిన పని ఒక్కటే. డోల్ దగ్గరో కాంకాల్ దగ్గరో క్యాంప్‌సైట్‌లో వరసగా నాలుగు రాత్రులు బుక్ చేయండి, వీలైతే వారాంతం మధ్యలో పడేలా, సోమవారమో మంగళవారమో చేరేలా కాకుండా శుక్రవారం పొద్దుటికల్లా చేరేలా చూసుకోండి. శనివారాల్లో రోడ్లు నిండిపోతాయి, ఆ రోజు బండి కదలకుండా ఉండటమే మంచిది. క్యాంప్‌సైట్ వాళ్లకు రాసేటప్పుడు బండి పొడవు, ఎత్తు, ఆరుగురి వయసులు, కరెంటు ఎన్ని ఆంప్స్ కావాలో మొదటి మెయిల్‌లోనే రాసేయండి. టాయిలెట్ల దగ్గర జాగా కావాలని, పెద్దవాళ్లు ఉన్నారని కూడా చెప్పండి. అడిగితే చాలాచోట్ల ఇస్తారు.